ముందు ఆ చెయ్యి ఎక్కడుందో రాయి

విజయవాడ, గవర్నరుపేట

అమ్మా, ఆశీస్సులు.

నీ వ్యాసం మంగళవారం అందింది. ఆ రాత్రే చదివాను, నిద్ర చెడింది. "ఉదర ఊర్ధ్వ దక్షిణ చతుర్థాంశ వేదనలో ప్రతిబింబ పరీక్షల ఎంపిక" అని పేరు పెట్టావు, పొట్ట పైభాగాన కుడివైపు నొప్పికి ఏ స్కాన్ తీయించాలి అనడానికి. గుంటూరు కొత్తపేటలో ఏ స్కాన్ సెంటరు బెంచీ మీదైనా గంటసేపు కూర్చో. తన వేదన ఏ చతుర్థాంశంలో ఉందో చెప్పే మనిషి ఒక్కడు దొరికితే నాకు కబురు చెయ్యి. "కుడి డొక్కలో పట్టేసిందండీ, వెన్నులోకి లాగుతోంది, రాత్రి పెళ్లి భోజనం తిన్నాను, గ్యాస్ అనుకున్నాను" అంటారు. ఎక్కడ, ఎటు, ఎప్పుడు, దేని తర్వాత అన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని నువ్వు పనిగట్టుకుని సంస్కృతం చేశావు.

మూడో పేజీ అడుగున మాత్రం ఆగిపోయాను. మిర్చి యార్డులో బస్తాలు మోసే ముసలాయన, అరచెయ్యి రొమ్ము కింద అదిమిపెట్టుకుని, స్కాన్ గది గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడని రాశావు. ఆ చెప్పులు నీ కంటబడ్డాయంటే నీకు రాయడం వస్తుంది. తీరా ఆయన్ని అక్కడే నిలబెట్టేసి అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై అంటూ గడులు గీసి పట్టిక వేశావు. ఒళ్లు మండింది. అలాంటి పట్టికలు ధరలతో సహా సెంటర్ల వాళ్లే గోడలకు అంటిస్తారు, మధ్యలో నువ్వెందుకు?

ఆయన చెయ్యి పట్టుకుని నడువు. చెయ్యి కుడి పక్కటెముకల కిందికి పోయిందా, ముందు అల్ట్రాసౌండే. ఎందుకో కూడా చెప్పు. కాలేయం కింద పసరు (పైత్యరసం) నిలవుండే తిత్తి పిత్తాశయం, అందులో రాయి అల్ట్రాసౌండ్ ధ్వని తరంగాలను అడ్డుకుంటే దాని వెనక నల్లటి నీడ పడుతుంది, రోగి పక్కకు ఒత్తిగిలితే రాయి దొర్లుతుంది. పరగడుపున రమ్మనేది ఇందుకే: తిన్నాక ఆ తిత్తి ముడుచుకుపోతుంది, ఆరేడు గంటలు కడుపు ఖాళీగా ఉంచితే పసరుతో నిండి చక్కగా కనిపిస్తుంది. పొట్ట మీద ఆనించి స్కాన్ చేసే ప్రోబును సరిగ్గా దాని మీద నొక్కగానే రోగి ఊపిరి బిగబట్టి "అక్కడే, అక్కడే" అన్నాడా, ఆ మాట కూడా రిపోర్టులో చేరాలి. అంత ఖరీదైన సీటీకి కొన్ని రాళ్లు కనిపించనే కనిపించవు, ఎందుకంటే కొలెస్ట్రాల్ రాయి చుట్టూ ఉన్న పసరులో కలిసిపోయినట్టుంటుంది. నీ పట్టికలో ఈ ముక్క లేదు. "సీటీ అత్యంత కచ్చితమైనది" అని మాత్రం ఉంది. దేనికమ్మా కచ్చితం?

రాయి జారి పైత్యనాళంలో ఇరుక్కుంటే అల్ట్రాసౌండ్ తడబడుతుంది, పేగుల్లో గాలి అడ్డొస్తుంది. కళ్లు పచ్చబడి, నాళం ఉబ్బిందంటే ఎంఆర్‌సీపీ, అంటే పైత్యనాళాలను చూపే ఎమ్మారై. క్లోమం (పాంక్రియాస్) వాచిన నొప్పికి తోడు రక్తంలో, అది తయారుచేసే జీర్ణరసం లైపేజ్ మామూలు హద్దుకు మూడింతలు దాటితే, జబ్బు పేరు తేల్చడానికి సీటీ అక్కర్లేదు. క్లోమం ఎంత చచ్చుబడిందో చూడాలన్నా మూడు రోజులు గడిస్తేగాని సరిగ్గా తెలియదు. పొట్ట చెక్కలా బిగుసుకుని మనిషి కదలడానికే భయపడుతుంటే జీర్ణాశయంలోనో పేగులోనో పుండు చిల్లుపడిందేమో. నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఛాతీకీ పొట్టకీ మధ్య పొర డయాఫ్రం కింద గాలి దొరకవచ్చు, దొరక్కపోయినా అనుమానం తీరకపోతే అప్పుడు సీటీకి పరుగెత్తాలి. చిల్లు పడని మామూలు పుండుకు ఎండోస్కోపీ కావాలి. అది చేయకుండా "స్కాన్ నార్మలే, మిరపకాయలు మానెయ్" అని ఇంటికి పంపినవాళ్లను ఎందరిని చూశానో.

పొట్ట సీటీ ఒకసారి తీస్తే సుమారు 8 మిల్లీసీవర్టుల రేడియేషన్. ప్రకృతిలోంచి మనిషికి ఏటా సగటున అందేది 2.4. చిల్లుపడ్డ పేగు ముందు అది లెక్కలోది కాదు. "ఎందుకైనా మంచిది, తీయించండి" అన్నప్పుడే నాకు లెక్కలు గుర్తొస్తాయి. ఆ మాట నీ వ్యాసంలో రెండుసార్లు వచ్చింది, రెండుచోట్లా ఎర్ర సిరా పెట్టాను.

ఇంత మొండితనం నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒకాయన పై పొట్ట పట్టుకుని వచ్చాడు. చీటీ మీద "పొట్ట నొప్పి, స్కాన్" అని మూడు మాటలు. ప్రోబు పెట్టగానే రాయి, దాని వెనక అచ్చం పుస్తకంలో బొమ్మలాంటి నీడ. మురిసిపోయి కొలతలు తీసుకుంటున్నాను. జెల్లు తుడుస్తున్న ఆయా, "ఏసీ గదిలో ఈయనకు ఇంత చెమట ఏమిటయ్యా?" అంది. ఈసీజీ తీయిస్తే గుండెపోటు, గుండె కింది గోడకు; పై పొట్ట నొప్పిగా తోచింది అదే. రాయి ఉన్న మాట నిజమే. ఎవరికీ అపకారం చేయకుండా ఎన్నాళ్ల నుంచో పడి ఉన్న రాయి అది. ఆయన బతికాడు, ఆయా పుణ్యాన.

దీన్ని ఒక వారపత్రికకు రాసి పంపితే, సంపాదకుడు సరిగ్గా ఆయా మాట్లాడే పేరానే కోసేశాడు. పొట్ట గురించిన వ్యాసంలో గుండె ఎందుకన్నాడు, పాఠకులు జడుసుకుంటారన్నాడు. ఖాళీ అయిన చోట స్కాన్ సెంటరు ప్రకటన వేశాడు. ఆ సంచిక ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నీ పట్టిక చూడగానే ఆయనే కళ్ల ముందు నిలబడ్డాడు, ఆ కోపంలో కొంత నీ మీద పడి ఉండవచ్చు. ఇప్పటివాళ్లు ఇంకో ఆకు ఎక్కువ చదివారు, ప్రతిదానికీ "తప్పక తెలుసుకోవలసిన ఏడు విషయాలు" అంటారు. ఎనిమిదోదానితో మనిషి పోతే ఎవరు పూచీ?

కలం పేరు గురించి ఏదో అడిగావు. ముందు ఆ చతుర్థాంశాన్ని తీసెయ్యి.

అన్నట్టు, ఆ ముసలాయన చెయ్యి రొమ్ము కింద నడుమన ఉందా, కుడికి జరిగిందా? చెమట పట్టి ఉందా? ఈసీజీ ఎవరైనా తీశారా? చివరికి ఏం తేలిందో నువ్వు ఎక్కడా రాయలేదు. వ్యాసం తిరగరాయడం నెమ్మదిగా కానీ, ఈ సంగతి మాత్రం ఒక కార్డు ముక్క మీదైనా వెంటనే రాసి పడెయ్యి.