బొమ్మ గీసే ముందు బరువుల చిట్టా రాయి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బరంపురంలో అందరం కులాసా. నువ్వు పంపిన 24 మీటర్ల తెరచాప యాట్, అదే విలాస పడవ, డ్రాయింగులు తీరిగ్గా చూశాను. పైభాగం ముచ్చటగా ఉంది. హాలు, అద్దాలు, యజమాని గది, వెనకవైపు ఈత మెట్లు అన్నీ ఓపిగ్గా గీశావు. నీటి కింద భాగానికి మాత్రం ఒక్క గీత గీసి ఊరుకున్నావు. డిజైన్ ఆఫీసులో చేరకముందే ఈ అలవాటు మానుకో. తెరచాప పడవలో విలాసం కీల్ దగ్గరే, అంటే పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే బరువైన రెక్క దగ్గరే మొదలవుతుంది. ఎక్కినవాళ్లు నిద్రపోతారా, తిన్నది కడుపులో ఉంటుందా, ధైర్యంగా నాలుగు అడుగులు వేస్తారా అన్నవి అక్కడే తేలిపోతాయి.

అందుకని బొమ్మ పక్కన పెట్టి ముందు బరువుల చిట్టా రాయి. ప్రతి వస్తువుకీ దాని బరువు, నీటిగీతకు (పడవ ఒంటికి నీరు తగిలే గీతకు) ఎంత ఎత్తులో ఉందో, పొడవులో ఎక్కడ పడుతుందో రాయాలి. వంద చదరపు మీటర్ల డెక్ మీద 12 మిల్లీమీటర్ల టేకు పరిస్తే దాదాపు 800 కిలోలు. వంటగట్టుకి 2 సెంటీమీటర్ల గ్రానైట్ వేస్తే చదరపు మీటరుకు 54 కిలోలు. అందుకే రాయిని పలచగా కోయించి తేలికపాటి ప్యానెల్ మీద అతికిస్తారు, చూసేవాళ్లకి తేడా తెలియదు. నీ పడవ సైజుకి ఒక టన్ను ఎక్కితే ఒళ్లంతా సుమారు ఒక సెంటీమీటరు నీటిలోకి దిగుతుంది. ఎత్తులో ఉన్న బరువు ఇంకా చేటు. నీటికి 20 మీటర్ల పైన తెరచాప కట్టే స్తంభానికి 100 కిలోలు పెంచావనుకో, ఆ ఒరుగుడుని సరిచేయడానికి మూడు మీటర్ల లోతున 670 కిలోల సీసం కావాలి. తేలికైన కార్బన్ స్తంభానికి అంత డబ్బు ఎందుకు పెడతారో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. చిట్టా మొత్తానికి పది శాతం అదనంగా వేసుకో. పడవ కట్టేటప్పుడు యజమానులు వస్తువులు చేరుస్తారే గానీ తీయరు.

వేగం గురించి నువ్వు రాసింది కూడా చూశాను. నీటిగీత పొడవు అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవ వేగానికి హద్దు నాట్లలో వస్తుంది. 64 అడుగులకి 10.7 నాట్లు వస్తుంది, అంటే గంటకి 20 కిలోమీటర్లు. బరువైన పడవ తెరచాపతో ఆ హద్దు దాటడం చాలా కష్టం. అంతకు మించి యజమానికి మాట ఇవ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పైకెత్తే కీల్ పెట్టావు. లోతు తక్కువ రేవుల్లోకి వెళ్లడానికి అది పనికొస్తుంది, కాదనను. అయితే తిరిగి లేచే బలం లెక్క కీల్ దించిన స్థితికి ఒక్కదానికే చేశావు. 2024 ఆగస్టులో సిసిలీ దగ్గర లంగరేసి ఉన్న బేసియన్ అనే 56 మీటర్ల యాట్ తెల్లవారుజామున గాలివానకి ఒరిగి మునిగిపోయింది. ఏడుగురు పోయారు. దాని అల్యూమినియం స్తంభం 70 మీటర్లు దాటి ఉండేది. కీల్ ఎత్తి ఉంది, తెరచాపలు దించి ఉన్నాయి. ఆ స్థితిలో 70 డిగ్రీలు దాటి ఒరిగితే అది తిరిగి లేవలేదనీ, 63 నాట్లు దాటిన పక్కగాలి దాన్ని పడగొట్టడానికి చాలనీ బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ మధ్యంతర నివేదికలో రాసింది. ఈ ముప్పు సంగతి పడవలో ఉన్న స్టెబిలిటీ పుస్తకంలో, అంటే పడవ ఎంత ఒరిగితే తట్టుకుంటుందో చెప్పే పుస్తకంలో లేదు. కెప్టెన్‌కి తెలిసే దారేది? కాబట్టి కీల్ దించి, ఎత్తి, ట్యాంకులు నిండుగా, ఖాళీగా, అన్ని రకాలుగా లెక్క చేసి ఆ పుస్తకంలో చేర్చు. ఇది నీ బాధ్యత. ఇంకొకరు చూసుకుంటారని వదిలేయకు.

గాలి రంధ్రాలూ, తలుపులూ ఎంత ఒరిగితే నీటిలో మునుగుతాయో కూడా గుర్తించు. ఇంజన్ గది గాలి రంధ్రం నువ్వు పక్కగోడకి, అదీ కిందుగా పెట్టావు. దాన్ని మధ్యగీత వైపు, పైకి జరుపు. 2014లో చీకీ రఫీకి అనే పడవకి అట్లాంటిక్‌లో కీల్ ఊడిపోయి నలుగురు పోయారు. కీల్ బోల్టులు విప్పకుండా కళ్లతో చూసి, చేత్తో తడిమే వీలుండాలి. ఎంత ఖరీదైన చెక్క నేల అయినా వాటి మీద శాశ్వతంగా పరచకు.

ఇక లోపలి సంగతి. ఐదు మీటర్ల వెడల్పు హాలు 20 డిగ్రీలు ఒరిగితే ఒక పక్క రెండో పక్క కంటే 1.7 మీటర్లు పైకి లేస్తుంది. నీ హాల్లో అప్పుడు ఒక పెద్దావిడ ఈ సోఫా నుంచి ఆ సోఫాకి ఎలా వెళ్తుంది? పట్టుకోవడానికి ఏమీ లేదు. చెయ్యి చాచిన ప్రతిచోటా ఒక పిడి అందాలి. బల్ల అంచుకి గట్టు ఉండాలి. మంచాలు పొడవువారీగా వేయి. అడ్డంగా వేస్తే తల కిందకీ కాళ్లు పైకీ అవుతాయి. వంటిల్లు పడవ మధ్యకి తీసుకురా, అక్కడ కుదుపు తక్కువ. పడవ ఒరిగినా గిన్నెలు నిటారుగా ఉండేలా పొయ్యి ఊగాలి. యజమాని గదిని ముక్కు దగ్గర పెట్టావు. అక్కడ కెరటం కొట్టే చప్పుడుకి సముద్రం మీద రాత్రంతా జాగారమే. దాన్నీ మధ్యకి జరపడానికి చూడు. చోటు చాలకపోతే హాలు తగ్గించు.

యజమానిని మొదట అడగాల్సింది ఏ నీటిలో తిరుగుతారని. బరంపురం పక్కనున్న గోపాలపురంలో మన జాలర్ల పాత పడవలకి మేకు ఉండేది కాదు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం విరిగేచోట పలకలు కాస్త కదిలి దెబ్బ ఓర్చుకునేవి. ఆ ఒడ్డు కోసం పుట్టిన పడవ అది. మధ్యధరా సముద్రం కోసం గీసిన పెద్ద పెద్ద అద్దాలు మన తీరానికి తెస్తే ఏసీ రాత్రంతా ఆడాలి. దానికి జనరేటరో బ్యాటరీలో కావాలి, మళ్లీ బరువు. మన ఉక్కలో నువ్వు పెరిగినవాడివి, ఈ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు. అక్టోబరులో ఇక్కడ తుఫానుంటుంది కూడా. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు పడవ ఎక్కడ దాచాలో కూడా ముందే మాట్లాడుకోవాలి.

మన తారాతారిణి అమ్మవారి పేరు పెట్టుకున్న నౌకాదళం పడవ తారిణి గుర్తుందా? డచ్చివాళ్ల టోంగా 56 డిజైన్‌ని గోవాలో కట్టారు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఆరుగురు మహిళా అధికారులు దాని మీద భూమి చుట్టి వచ్చారు. అందులో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. అది విలాసపు పడవ కాదు. కానీ అలాంటి పడవ మీద ఎవరైనా తీసుకెళ్తే ఒక రాత్రయినా సముద్రంలో గడుపు. ఒరిగిన పడవలో టీ కాచు, స్నానాలగది తలుపు తీసి వెయ్యి, చీకట్లో మెట్లు దిగు. వచ్చాక హాలు మళ్లీ గీయి.

ఆఫీసులో చేరేలోపు బరువుల చిట్టా, కీల్ ఎత్తినప్పటి లెక్క నాకు పంపు. పొడవు కూడా ఒకసారి సరిచూసుకో. యూరప్‌లో విహార పడవల నిబంధనలు 24 మీటర్ల హల్ (పడవ ఒళ్లు) పొడవు దాకే వర్తిస్తాయి. పెద్ద యాట్‌ల భద్రతా నిబంధనలు చూసే లోడ్‌లైన్ పొడవు కొలిచే పద్ధతి వేరు. నువ్వు డ్రాయింగులో ఏ పొడవు వేశావో రాయలేదు.

ఇట్లు,
మీ మావయ్య