బస్సుకూ ఛార్జే, ఫోనుకూ ఛార్జేనా?

ప్రశ్న: నేను రోజూ బస్సులో హన్మకొండ వచ్చి పోతుంటాను. బస్సు ఛార్జి, ఫోన్ ఛార్జింగ్, లాఠీఛార్జి, ఛార్జిషీటు అన్నీ ఒకే ఇంగ్లిష్ మాటా అని మా బాబు అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.
– పాఠకురాలు, పరకాల

జవాబు: ఒకే మాటేనమ్మా. లాటిన్‌లో బండిని 'కర్రుస్' అనేవారు. బండికి సరుకెత్తడం అనే అర్థంలో దాన్నుంచి పుట్టిన క్రియే ఫ్రెంచి మీదుగా వచ్చి ఛార్జ్ అయింది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో వచ్చే బండ్లను బాబుకు ఒకసారి చూపించండి, సగం పాఠం అక్కడే అయిపోతుంది. తుపాకీలో మందు కూరినా ఛార్జే. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లాంటివాళ్లు లైడెన్ జాడీ అనే గాజు సీసాలో కరెంటు నింపి చూస్తూ ఇదే మాట వాడారు. మన ఫోనుకు ఆ దారినే వచ్చింది. మనిషి మీద డబ్బు భారం వేసినా, నేరం మోపినా ఛార్జే. మీదికి ఉరికినా ఛార్జే. దానికి లాఠీ తగిలించింది మాత్రం మన దేశమే.

ఛార్జిషీటు వేసేది పోలీసులు, ఛార్జెస్ ఫ్రేమ్ చేసేది, అంటే ఏయే నేరాల మీద విచారణ జరపాలో ఖరారు చేసేది కోర్టు. పేపర్లు చదివేవాళ్లు ఈ రెండూ కలిపేస్తుంటారు.

ఇక బస్సు ఛార్జి. తెలుగులో నిక్షేపంగా అనుకోవచ్చు. ఇంగ్లిష్‌లో మాత్రం టికెట్ డబ్బును 'ఫేర్' అంటారు. నేను బడిలో ఉన్నన్నాళ్లూ జవాబు పత్రాల్లో 'బస్ ఛార్జ్' కనబడితే ఎర్ర ఇంకుతో గీత పెట్టేవాడిని. పిల్లలకు నామీద కోపం కూడా! 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కనుక మీకా గొడవే లేదు. 'ఫ్రీ ఆఫ్ ఛార్జ్' అనండి, అది తప్పు కాదు.

ప్రశ్న: నన్ను స్టోర్ ఇన్‌ఛార్జిని చేశారు సార్. 'ఐ యామ్ ద ఇన్‌ఛార్జ్' అని రాయొచ్చా?
– పాఠకుడు, కాజీపేట

జవాబు: మన దగ్గర చెల్లుతుంది, ఆఫీసు బోర్డుల మీదా అలాగే ఉంటుంది. విదేశీ కంపెనీకి రాసేటప్పుడు మాత్రం 'ఐ యామ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద స్టోర్' అనండి. ఛార్జ్ ముందు పొరపాటున కూడా 'ద' పెట్టకండి. పెట్టారా, స్టోరే మిమ్మల్ని చూసుకుంటోందని అర్థం వస్తుంది.