ఎడారి లోయల్లో గుర్రం మీద తొమ్మిది రోజులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ఆఫ్రికాలోని నమీబియా దక్షిణాన ఫిష్ రివర్ కేన్యన్ చుట్టుపక్కల గుర్రం మీద తొమ్మిది రోజులు తిరిగిన సంగతి రాశాను. చదవనివాళ్ళ కోసం రెండు మాటలు: రాతి ఎడారిని నది కోసుకుంటూ పోయి చేసిన లోయ అది, దాదాపు 160 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 27 కిలోమీటర్ల వెడల్పు, లోతైన చోట 550 మీటర్లు. పగలంతా స్వారీ, రాత్రి ఆరుబయట పడక. అది అచ్చయినప్పటినుంచీ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, ఎక్కువ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే. అందరూ అడిగినవాటిలోంచి కొన్ని తీసుకుంటున్నాను.

"నాకు 26 ఏళ్ళు. బైక్ మీద లడఖ్ వెళ్ళొచ్చాను. గుర్రం మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. వచ్చే జూన్‌కి డబ్బు కట్టేద్దామనుకుంటున్నా. మూడు నెలలు నేర్చుకుంటే సరిపోదా?" – ఒక పాఠకుడు, కావలి

సరిపోదు తమ్ముడూ. డబ్బు ఇప్పుడే కట్టొద్దు.

లడఖ్ వెళ్ళొచ్చావంటే ఓపిక ఉందని అర్థం, అది మంచిదే. కానీ బైక్‌కి భయం వేయదు, గుర్రానికి వేస్తుంది. పొదలోంచి ఒక పక్షి టపటపా లేస్తే చాలు, అర టన్ను జంతువు కన్నుమూసి తెరిచేలోపు మీటరు పక్కకి దూకుతుంది, ఆ క్షణంలో నువ్వు పగ్గాలు బిగబట్టి లాగితే దాని భయం రెట్టింపవుతుంది. అప్పుడు చేతులు వదులుగా, నడుము బరువుగా ఉంచడం అనేది ఆలోచించి చేసే పని కాదు, ఒంటికి పట్టాలి. అలా పట్టడానికి నెలలు కావు, కనీసం ఏడాది కావాలి. సఫారీ నడిపేవాళ్ళు అడిగేది కూడా అదే: నడకలోనూ, ట్రాట్ అనే దుడుకు నడకలోనూ, కాంటర్ అనే మోస్తరు పరుగులోనూ గుర్రం నీ అదుపులో ఉండాలి, అదీ కంచె వేసిన మైదానంలో కాదు, బయట, గుంపులో, మిగతా గుర్రాలు ముందుకు పరిగెడుతున్నప్పుడు. రోజుకు ఐదు నుంచి ఏడు గంటలు జీను మీదే ఉంటావు. ఫారంలో "అనుభవం ఉంది" అని అబద్ధం రాసి వచ్చినవాళ్ళ వల్ల వాళ్ళకే కాదు, వెనక వచ్చేవాళ్ళందరికీ ప్రమాదం.

నీకు దగ్గర చెన్నై. శనివారం రైలెక్కితే ఆదివారం రాత్రికి కావలిలో ఉండొచ్చు. బెంగళూరు, హైదరాబాద్‌లలోనూ నేర్పేవాళ్ళున్నారు. వారానికి రెండు క్లాసుల చొప్పున ఏడాది నేర్చుకో, తర్వాత రాజస్థాన్‌లో మూడు నాలుగు రోజుల స్వారీ ఒకటి చేసిరా, అప్పుడు కేన్యన్ సంగతి చూద్దాం.

ఇంకొకటి. ఏటవాలు రాళ్ళ దారి వచ్చినప్పుడు గుర్రం దిగి, పగ్గం పట్టుకుని, దాన్ని వెంట నడిపించుకుంటూ వెళ్ళాలి. గంట, ఒక్కోసారి రెండు గంటలు. కాలికింద పలకరాళ్ళు జారుతుంటాయి, వెనక గుర్రం గిట్టలు టకటకమంటుంటాయి, దాని వేడి ఊపిరి భుజం మీద తగులుతుంటుంది, ఆగితే అది నీ మీదికొస్తుంది. మీకు ఉదయగిరి కొండ ఉంది కదా, నెలకోసారి ఎక్కి దిగు. ఎక్కడం కాదు ముఖ్యం, దిగేటప్పుడు మోకాళ్ళు ఎలా ఉంటాయో గమనించు.

బట్టల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది అడిగారు. మొదటిరోజు నేను జీన్స్ వేసుకున్నాను. లోపలివైపు కుట్టు తొడకి రాసుకుని, రెండోరోజు సాయంత్రానికి చర్మం అరచేతి వెడల్పున లేచిపోయింది, మిగతా ఏడు రోజులూ ఆ మంటతోనే స్వారీ చేశాను. కుట్లు లేని స్వారీ ప్యాంటు కొనుక్కోండి, దొరక్కపోతే సైక్లింగ్ షార్ట్స్ లోపల వేసుకోండి, ఒరుసుకునేచోట ముందే వాజలైన్ రాయండి. బూటుకి చిన్న మడమ తప్పనిసరి. మడమ లేకపోతే పాదం జీనుకి వేలాడే రికాబులోంచి ముందుకు దూరిపోతుంది, పడితే కాలు అందులోనే ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. హెల్మెట్ మాట వేరే చెప్పక్కర్లేదు.

"నాకు 49. చదువుకునే రోజుల్లో తిరుపతిలో ఎన్‌సీసీ గుర్రాల దళంలో ఉన్నాను. ఇప్పుడు 76 కిలోలు, బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను. పూర్తి శాకాహారిని. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. నాలాంటిదానికి కుదురుతుందా?" – ఒక పాఠకురాలు, ఒంగోలు

కుదురుతుందమ్మా. పై తమ్ముడికంటే మీకే ముందు కుదురుతుంది. చిన్నప్పుడు పట్టుబడిన స్వారీ ఒంటిని వదిలిపోదు, ఆరు నెలలు మళ్ళీ క్లాసులకి వెళితే తిరిగొస్తుంది. మాతో వచ్చిన గుంపులో అందరికంటే బాగా స్వారీ చేసింది అరవై దాటిన ఆవిడే.

బరువు విషయం అడిగినందుకు సంతోషం, చాలామంది దాచిపెడతారు. మనిషి, జీను, సంచులు అన్నీ కలిపి గుర్రం బరువులో ఐదోవంతు దాటకూడదని లెక్క. 450 కిలోల గుర్రమైతే 90 కిలోలు. జీనూ సామానూ పది పన్నెండు కిలోలు ఉంటాయి, మీరు 76. అంటే అంచుమీద ఉన్నారు. నాలుగైదు కిలోలు తగ్గితే ఆ గుర్రం వీపుకి ఎంతో మేలు. బుక్ చేసేటప్పుడు మీ అసలు బరువు చెప్పండి, దానికి తగ్గ గుర్రాన్ని వాళ్ళు ముందే ఎంచిపెడతారు.

బీపీకి డాక్టరు మాటే వినాలి. ఒకటి మాత్రం గట్టిగా అడగండి: కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయి, పొడి ఎడారిలో అవి వాడొచ్చా, మోతాదు మార్చాలా అని. అక్కడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పుట్టీపుట్టకముందే ఆరిపోతుంది, మన ఒంగోలు ఉక్కపోతకి అలవాటుపడ్డ మనం "చెమటే పట్టలేదు, దాహం లేదు" అనుకుని మోసపోతాం. రోజుకు నాలుగు లీటర్లు తాగండి, అందులో ఒక లీటరు ఓఆర్ఎస్ కలిపి.

శాకాహారం అని రెండు నెలల ముందే రాయండి, పప్పు, కూరగాయలు, రొట్టె ఏర్పాటు చేస్తారు. అయినా కందిపొడి, చింతకాయ పచ్చడి చిన్న డబ్బాల్లో తీసుకెళ్ళండి, నాలుగోరోజుకి వాటి విలువ తెలుస్తుంది. మరుగుదొడ్డి అంటే చిన్న పార, ఒక బండరాయి చాటు. రెండోరోజుకి అలవాటైపోతుంది. ఇంట్లోవాళ్ళని మీ క్లాసుకి ఒకసారి తీసుకెళ్ళి మీరు గుర్రం మీద ఎలా ఉంటారో చూపించండి.

"మేం ఒంగోలు జాతి ఆవులు, గిత్తలు పెంచుతాం. నీళ్ళు లేని ఎడారిలో గుర్రాన్ని అన్ని రోజులు తిప్పడం పాపం కాదా? అది ఏం తిని, ఏం తాగి బతుకుతుంది?" – ఒక పాఠకుడు, టంగుటూరు

అన్నా, వచ్చిన ప్రశ్నలన్నిట్లో నాకు నచ్చింది ఇది. మిగతావాళ్ళందరూ తమ గురించి అడిగారు, మీరు గుర్రం గురించి అడిగారు.

ఏ పనీ లేకుండా చల్లగా ఉంటే గుర్రం రోజుకు 25, 30 లీటర్లు తాగుతుంది. ఎండలో రోజంతా నడిస్తే 50 దాటుతుంది. ఎడారిలో అన్ని నీళ్ళు గుర్రం మోయలేదు, మనమూ మోయలేం, అందుకే వేరే దారిలో ఒక లారీ నీళ్ళ ట్యాంకు, గడ్డిమోపులు, దాణా, మన సామాను వేసుకుని రాత్రి మకాంకి ముందే చేరుకుంటుంది. పగటి దారిని కూడా పశువుల రైతుల బోర్లు, నీటి తొట్లు ఎక్కడున్నాయో చూసుకునే గీస్తారు. అంటే ఎటు వెళ్ళాలో నిర్ణయించేది అందం కాదు, నీళ్ళు.

మన పశువు నెమరువేస్తుంది, గుర్రం వేయదు. దాని పొట్ట చిన్నది, పేగు పొడవైనది, పైగా అది వాంతి చేసుకోలేదు, కడుపులో ఏది తేడా చేసినా బయటికి పోయే దారి లేదు. అందుకే కడుపునొప్పి గుర్రానికి ప్రాణాంతకం. సాయంత్రం మకాంలో మా గైడు, ఆ దేశపు పల్లెలోనే పుట్టి పెరిగిన మనిషి, ఒక్కో గుర్రం డొక్కకి చెవి ఆనించి వినేవాడు. గుడగుడ చప్పుడు వినిపిస్తే నవ్వేవాడు. చప్పుడు లేకపోతే మాత్రం తన భోజనం మానేసి దాన్ని నడిపించేవాడు. పంటి చిగురు మీద వేలితో నొక్కి, తెల్లబడ్డచోటికి రక్తం ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూసేవాడు. విశ్రాంతిలో గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది. మధ్యాహ్నం ఆగిన అరగంటలో అరవైకి దగ్గరగా దిగకపోతే ఆ పూట దాని మీద ఎవరూ ఎక్కేవారు కాదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. అక్కడ మనుషుల భోజనం ఆలస్యమైన రోజులున్నాయి గానీ గుర్రాల దాణా ఆలస్యమైన రోజు లేదు.

మీకు నచ్చుతుందని ఒకటి చెబుతాను. నా గుర్రం పేరు తెలుగులో పలకడం కష్టం, నేను బుజ్జీ అనేవాణ్ణి. మూడోరోజు ఒక తొట్టి దగ్గర ఆగాం. నీళ్ళ వాసన కొత్తగా ఉన్నట్టుంది, మూతి దించి, చూసి, తల ఎత్తేసింది. తొందరపెట్టొద్దన్నాడు గైడు. ఐదు నిమిషాలు నిలబడ్డాను. మళ్ళీ దించింది, పెదాలు మాత్రం తడిపి, ఆగి, తాగడం మొదలుపెట్టింది. గుటక పడినప్పుడల్లా రెండు చెవులూ ఒకసారి వెనక్కి ఊగుతాయి. అలా లెక్కపెడుతూ నిలబడ్డాను, నలభై దాటాక లెక్క తప్పింది.

గిట్టల సంగతి మీకు ఇట్టే అర్థమవుతుంది. మన ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి లాడం రెండు ముక్కలు కొడతారు, గుర్రానిది ఒకటే వంపు. ఆ వంపు మధ్యలో మెత్తటి ముక్కోణం లాంటి భాగం ఉంటుంది, దాని పక్క గాడిలో రాళ్ళు ఇరుక్కుంటాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నాలుగు కాళ్ళూ ఎత్తి కొక్కెంతో గీకి తీయాలి. ఈ పని మనమే చేయాలి, పనివాళ్ళు చేయరు. అది నాకు చాలా సరైన పద్ధతి అనిపించింది.

పాపమా అంటారా, ఇన్ని చూడనివాడి దగ్గర పాపమే. బుక్ చేసే ముందు "లారీలో అదనపు గుర్రాలు ఉంటాయా, ఒక గుర్రానికి ఎన్ని రోజులకోసారి విశ్రాంతి ఇస్తారు" అని అడగండి. జవాబు చెప్పకుండా నీళ్ళు నమిలితే అక్కడికి వెళ్ళకండి.

"మన గండికోట ఉండగా అంత దూరం దేనికండీ?" – ఒక పాఠకుడు, నెల్లూరు

గండికోట చూడకుండా నమీబియా వెళ్ళొద్దనే నేనూ అంటాను. రంగనాయకుల గుడి వెనక మీరు రోజూ చూసే పెన్న, జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండల్ని కోసి చేసిన లోయే అది. అంచున నిలబడితే నది రాయిని ఎలా తింటుందో తెలుస్తుంది. కానీ అక్కడ గుర్రం మీద రోజుల తరబడి తిరిగే ఏర్పాటు వేరు, దానికి కావలసిన ఖాళీ భూమి వేరు. మన దేశంలోనే కావాలంటే రాజస్థాన్ షెఖావతీ వైపు మార్వారీ గుర్రాల మీద అలాంటి సఫారీలున్నాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి, అదే ఆ జాతి గుర్తు.

"పాములు, చిరుతలు ఉంటాయా? ఎప్పుడు వెళ్ళాలి?" – ఒక పాఠకురాలు, ఆత్మకూరు

ఉంటాయి, అయినా మనుషులకి దెబ్బలు తగిలేది వాటివల్ల కాదు, గుర్రం మీద నుంచి పడి, ఎండదెబ్బ తగిలి. ప్రయాణ బీమా కొనేటప్పుడు గుర్రపు స్వారీ కవర్ అవుతుందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి, చాలా పాలసీల్లో అది మినహాయింపు.

కాలం మే నుంచి సెప్టెంబరు మధ్య దాకా. మనకి రోహిణి కార్తె మంటపెడుతున్నప్పుడు అక్కడ చలికాలం మొదలవుతుంది, పగలు హాయిగా ఉండి రాత్రి నీళ్ళ బాటిల్ పైన మంచు కట్టేంత చలి వేయొచ్చు. మంచి స్వెట్టరు, ఉన్ని టోపీ పెట్టుకోండి. వాళ్ళ వేసవిలో లోయ అడుగు కొలిమిలా ఉంటుంది, కాలినడకన వెళ్ళేవాళ్ళకి కూడా ఆ నెలల్లో దారి మూసేస్తారు. వాన కూడా అప్పుడే, ఎక్కడో ఎగువన కురిసినా నది ఉన్నట్టుండి పొంగుతుంది.

వేసవి రాత్రుల్లో మైపాడు తీరంలో దక్షిణాన కిందుగా కనిపించే త్రిశంకు నక్షత్రాలు తెలుసు కదా. అక్కడ జూన్ రాత్రి పడుకుని చూస్తే అవి ఆకాశంలో చాలా ఎత్తుకి వచ్చేసి ఉంటాయి.

"ఇథియోపియా మీదుగా టికెట్ చవగ్గా ఉంది. ఎల్లో ఫీవర్ టీకా కావాలంటున్నారు, నిజమా?" – ఒక పాఠకుడు, వేదాయపాళెం, నెల్లూరు

వేయించుకోవడమే మంచిది. నమీబియాలో ఆ జబ్బు బెడద లేదు గానీ ఇథియోపియాలో ఉంది, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ కార్డు అడుగుతారు. విమానాశ్రయం దాటకపోతే మినహాయింపు ఉంది, అది కూడా హెల్త్ ఆఫీసరు ఒప్పుకుంటేనే. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఆ టెన్షన్ దేనికి? నెల్లూరు నుంచి దగ్గర చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని పాస్‌పోర్టుతో వెళ్ళండి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్ళు, కోడిగుడ్డు పడనివాళ్ళు డాక్టరుకి ముందుగా ఆ విషయం చెప్పాలి. జొహానెస్‌బర్గ్ మీదుగా వెళితే ఈ గొడవ ఉండదు, టికెట్ ఎంత తేడా వస్తుందో చూసుకుని నిర్ణయించుకోండి.