ప్లీడరుగారికి వెంచర్లో వాటా ఉండొచ్చా?

ప్రశ్న: జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఏడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. స్నేహితులిద్దరు ఊరి బయట నాలుగెకరాల్లో లేఅవుట్ వేస్తున్నారు. కాగితాలు, పర్మిషన్ల పని నేను చూసుకుంటే మూడో వంతు వాటా ఇస్తామంటున్నారు. నాన్నగారి ఎరువుల షాపు కూడా నాకే వస్తుంది. సనదుకు (న్యాయవాదిగా నా నమోదుకు) ఇబ్బందేమైనా ఉంటుందా?
— ఒక న్యాయవాది, నర్సీపట్నం

జవాబు: వాళ్లు చెప్పిన పద్ధతిలో ఒప్పుకుంటే ఇబ్బందే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలో 47వ నియమం ప్రకారం న్యాయవాది స్వయంగా వ్యాపారం చేయకూడదు. పెట్టుబడి పెట్టి ఊరుకునే స్లీపింగ్ పార్ట్‌నర్‌గా మాత్రం ఉండొచ్చు. అదీ ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి తగినదని రాష్ట్ర బార్ కౌన్సిల్ భావిస్తేనే. పర్మిషన్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే భాగస్వామిని స్లీపింగ్ పార్ట్‌నర్ అని ఎవరూ అనరు.

కంపెనీ పెడితే? 48వ నియమం డైరెక్టరుగా, బోర్డు ఛైర్మన్‌గా ఉండనిస్తుంది, కార్యనిర్వాహక బాధ్యతలు ఉండకూడదు. మేనేజింగ్ డైరెక్టరు, సెక్రటరీ పదవులు అసలే కుదరవు. ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) అయితే డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్‌గా పేరు ఇవ్వకండి. చట్టప్రకారం దాఖలు చేయాల్సిన కాగితాలన్నిటికీ జవాబుదారీ అతనే కాబట్టి ‘నాకు సంబంధం లేదు’ అనే మాట నిలవదు. చెక్కుల మీద సంతకం, బ్రోషర్లో పేరు పక్కన ‘అడ్వకేట్’ అన్న తోక, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) దరఖాస్తులో ప్రమోటర్‌గా ఫొటో... ఫిర్యాదు చేసేవాడు ముందు వెతికేవి ఇవే. బ్రోషర్లో పేరు వేయించుకుంటే 36వ నియమం కింద ప్రచారం చేసుకున్నారన్న ఆరోపణ కూడా తోడవుతుంది.

చాలామంది పట్టించుకోనిది 9వ నియమం. తనకు ఆర్థిక ప్రయోజనం ఉన్న వ్యవహారంలో న్యాయవాది వాదించకూడదు. వాటా తీసుకున్నారంటే రేపు ఆ లేఅవుట్ మీద ఇంజంక్షన్ దావా పడినప్పుడు మీరు వకాలతు వేయలేరు. పైగా టైటిల్ బాగుందని ఇచ్చిన మీ ఒపీనియన్‌కు ప్లాట్ కొనేవాడి దగ్గర విలువ ఉండదు. మా సలహా ఏమిటంటే, వాటా వద్దనండి, టైటిల్ పరిశీలనకు, దస్తావేజులు రాయడానికి, రెరా కాగితాలకు విడివిడిగా ఫీజు మాట్లాడుకోండి. చిన్న ఊళ్లో మీ సంతకానికున్న నమ్మకం నాలుగెకరాల లేఅవుట్ కన్నా ఎక్కువ ఏళ్లు తిండి పెడుతుంది.

ఎరువుల షాపు సంగతి తేలికే. వారసత్వంగా వచ్చిన కుటుంబ వ్యాపారంలో వాటా ఉంచుకోవచ్చు, నిర్వహణ చేయకూడదు (50వ నియమం). లైసెన్సు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, బ్యాంకు సంతకం అమ్మగారి పేరునో తమ్ముడి పేరునో పెట్టించండి. లేదు, వ్యాపారమే చేస్తానంటారా? అసలు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ జతచేసి, ప్రాక్టీసు ఆపుతున్నట్టు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో తెలపండి. తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకుని కోర్టుకు రావచ్చు. ఈ దారి ఉండగా దొంగచాటు భాగస్వామ్యం ఎందుకు?

ప్రశ్న: తాతగారి నాటి పెంకుటిల్లు, 610 గజాల స్థలం. ముగ్గురు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లు. బిల్డరు సగం సగం అంటున్నారు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అగ్రిమెంటు సంగతి తర్వాత, ముందు మీ ఇంట్లో సంతకాలు లెక్కపెట్టుకోండి. ‘ఆడపిల్లలకు పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశాం’ అన్న మాట ఏ బ్యాంకు లాయరూ ఒప్పుకోడు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే వచ్చింది, అప్పటికి పెళ్లికాని వాళ్లకు. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకాలు జరిగి ఉంటే వాటిని ఆ సవరణ తాకదు. మీ ఇంట్లో పంపకం కాగితం లేకపోతే ఐదుగురూ అగ్రిమెంటులో ఉండాల్సిందే. వారసుల్లో ఎవరైనా చనిపోయి మైనరు పిల్లలుంటే వాళ్ల వాటాకు కోర్టు అనుమతి తెచ్చుకోండి. అది లేకుండా చేస్తే ఆ పిల్లలు మేజర్లయ్యాక మూడేళ్లలోపు దావా వేయొచ్చు.

తర్వాత ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల వివరాలు చూపే పత్రం). ఆన్‌లైన్లో 1983 నుంచి మాత్రమే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. పాత ఇంటి నంబరుతో ఒకసారి, కొత్త నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో మరోసారి తీయించండి. నంబరు మారితే పాత తనఖా కొత్త ఈసీలో కనపడదు. వీలునామాలు, కోర్టులో నడుస్తున్న దావాలు కూడా ఈసీలో సాధారణంగా ఉండవు. ఇంటిపన్ను రసీదు హక్కుపత్రం కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక 610 గజాలంటే సుమారు 510 చదరపు మీటర్లు. స్థలం 500 చదరపు మీటర్లు (దాదాపు 598 గజాలు) దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా నమోదు చేయించుకోవాలి. ‘పన్నెండు గజాలు రోడ్డుకు పోతుంది, 598 అని రాసేద్దాం’ అని బిల్డరు అంటే ఒప్పుకోకండి. దస్తావేజు కొలతకు, నేల మీద కొలతకు తేడా ఉంటే ముందే సర్వేయరుతో కొలిపించి, నాలుగు హద్దులతో ప్లాను గీయించండి.

అగ్రిమెంటులో గొడవలు పుట్టేచోట్లు ఇవి. ‘50 శాతం’ అని రాసి వదిలేస్తే మీకు వెనకవైపు ఫ్లాట్లు మిగులుతాయి. ప్లాను మంజూరయ్యాక ఏ అంతస్తు, ఏ ముఖం, ఏ నంబరు ఎవరిదో అనుబంధ ఒప్పందం రాసి రిజిస్టరు చేయించాలి. మున్సిపాలిటీ పూచీ కింద 10 శాతం నిర్మాణ విస్తీర్ణాన్ని తనఖా పెట్టుకుంటుంది. ఆ ఫ్లాట్లు బిల్డరు వాటాలోవే అని స్పష్టంగా రాయించండి. లేకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా ఇరుక్కునేది మీ ఫ్లాటే. మీ వాటాలోని ఫ్లాట్ల జీఎస్టీ (మామూలు ఫ్లాట్లకు 5 శాతం, అఫర్డబుల్ వాటికి 1 శాతం) ఎవరు కట్టాలో రాయకపోతే, తాళాలిచ్చే రోజు బిల్లు చేతికొస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు ఖర్చూ అంతే. గడువు దాటితే నెలకు ఎంత అద్దె ఇస్తాడో అంకె వేయించాలి.

జీపీఏ (మీ తరఫున పనులు చేసేందుకు బిల్డరుకిచ్చే అధికారపత్రం) విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అది బిల్డరు వాటా అమ్ముకునేందుకే పరిమితం కావాలి, అదీ శ్లాబులు పడేకొద్దీ దశలవారీగా. డబ్బులిచ్చి తీసుకున్న జీపీఏను మధ్యలో రద్దు చేయడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. ఇల్లు పడగొట్టాక, పిల్లర్ల దగ్గర పని ఆగిపోయిన కేసుల్లో యజమాని చేతిలో మిగిలేది ఈ షరతు ఒక్కటే.

ప్రశ్న: బ్యాంకు ప్యానెల్లో (బ్యాంకు కోసం ఆస్తి కాగితాలు పరిశీలించే లాయర్ల జాబితాలో) ఉన్నాను. నేను చూసిన కాగితాలు దొంగవని తర్వాత తేలితే నన్నూ క్రిమినల్ కేసులో ఇరికిస్తారా?
— ఒక న్యాయవాది, మహబూబ్‌నగర్

జవాబు: హైదరాబాద్‌కు చెందిన ఓ ప్యానెల్ అడ్వకేటు కేసులో 2012లో సుప్రీంకోర్టు దీనిపై తేల్చింది. కుట్రలో పాలుపంచుకున్న ఆధారం లేకుండా, ఒపీనియన్ తప్పైందన్న కారణంతోనే క్రిమినల్ కేసు నడపకూడదంది. నిర్లక్ష్యానికి వేరే బాధ్యత మాత్రం ఉంటుంది. అందుకని సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మీరే సర్టిఫైడ్ కాపీ తీసి, పార్టీ తెచ్చిన అసలుతో పక్కపక్కన పెట్టి చూడండి. స్టాంపు కాగితం వెనక అమ్మిన తేదీ, వెండరు వివరాలు, వేలిముద్రలు, పేజీల మీద డాక్యుమెంటు నంబరు ముద్ర. కలర్ జిరాక్సు దొరికిపోయేది అక్కడే. ఒపీనియన్లో ఏ కాగితం అసలు చూశారో, ఏది నకలో విడిగా రాయండి.

ప్రశ్న: నేను వాదించిన ఈపీలో (డిక్రీ అమలు పిటిషన్‌లో) ఇల్లు వేలానికి వచ్చింది. నా భార్య పేరున పాడొచ్చా?
— ఒక న్యాయవాది, కావలి

జవాబు: పాడకూడదు. తన పేరున గానీ ఇంకొకరి పేరున గానీ, తనకోసం గానీ మరొకరికోసం గానీ అంటూ 22వ నియమం అన్ని సందులూ మూసేసింది. మీ పార్టీ ఫీజు బదులు ఆ ఇంట్లో వాటా ఇస్తానన్నా 20వ నియమం అడ్డొస్తుంది. రసీదిచ్చి ఫీజు తీసుకోండి.