తిట్టే నాటకం సార్ దగ్గర ఏం తీసుకోవాలి, ఏం వదిలేయాలి

"సార్ ఒకే డైలాగు ముప్పై సార్లు చెప్పిస్తారు, తప్పెక్కడో చెప్పరు, పైగా అందరి ముందూ తిడతారు. ఉండాలా, మానేయాలా?" అని కదా అడిగారు. నేనూ అలాంటి సార్ దగ్గరే నేర్చుకున్నాను.

ముప్పై సార్లు చెప్పించారంటే, చాలాసార్లు కారణం ఒకటే: వాక్యం చివరి మాట పడిపోతోంది. తెలుగులో క్రియ వచ్చేది చివరే. "మా ఇంటికి రాకు" అనేటప్పుడు "రా" దగ్గరే ఊపిరి అయిపోయిందనుకోండి, వెనక వరసకు "మా ఇంటికి రా" అని వినపడుతుంది. పొమ్మన్నవాడు పిలిచినట్టయింది! దీనికి అరవక్కర్లేదు. ఊపిరి తీసుకునే చోట పెన్సిలుతో నిలువు గీత, క్రియ కింద అడ్డగీత పెట్టుకోండి. తర్వాత వాక్యాన్ని తోక నుంచి కట్టండి: "రాకు", "ఇంటికి రాకు", "మా ఇంటికి రాకు". పదిసార్లు చాలు. ఒకర్ని చివరి వరసలో కూర్చోబెట్టి, విన్నది తిరిగి చెప్పమనండి. మీ చెవిని మీరు నమ్మొద్దు.

ఊపిరికి: వెల్లకిలా పడుకుని పొట్ట మీద లావుపాటి పుస్తకం పెట్టుకోండి. పీలిస్తే పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. "స్" అంటూ సన్నగా వదులుతూ లెక్కపెట్టండి. మొదట్లో 15 వస్తే చాలు, మెల్లగా 30కి వెళ్లొచ్చు. మెడ నరాలు బిగుసుకుంటే అక్కడే ఆపండి, అలా పిండిన ఊపిరి స్టేజి మీద గొంతునే పట్టుకుంటుంది.

ఖ, ఫ లాంటి ఒత్తు అక్షరాలకు అరచెయ్యే పరీక్ష. నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి "పలక", "ఫలం" అనండి. రెండోదానికి గాలి గట్టిగా తగలాలి. పై పళ్లు కింది పెదవిని తాకాయంటే అది "ఫ్యాను"లో ఫ, పద్యంలో ఫ కాదు.

సార్లతో నాకు పేచీ యాస దగ్గరే. పౌరాణికంలో కృష్ణుడికి ఒత్తు కావాలి, ఒప్పుకుంటాను. సాంఘికంలో హైదరాబాదు ధూల్‌పేట ఆటో డ్రైవరుకు ఎందుకు? "నీ యాస పోదురా" అని నవ్వడం పాఠం కాదు, అది వదిలేయండి.

బొంగురు గొంతుతో రిహార్సల్ చేయమన్నా వినొద్దు. గొంతు పగిలితేనే విచ్చుకుంటుందనేది ఉత్తమాట. వాచిన స్వరతంతువులకు కావాల్సింది విశ్రాంతి, గట్టి గుసగుస కూడా వాటికి శ్రమే. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

గొంతు స్థాయి హాలును బట్టి మారుతుంది. రవీంద్రభారతి లాంటి పెద్ద హాలుకు సరిపోయే గొంతు లామకాన్ లాంటి చిన్న వేదిక మీద కేకలా ఉంటుంది.

రేపు రిహార్సల్లో "ఎందుకు సార్" అనకండి, ఇలాంటివాళ్లకు ఆ మాటంటే మంట. "ఏ మాట వినపడలేదు సార్?" అనండి. మాట చూపిస్తే తిట్లు భరించైనా ఉండండి. నెల రోజులు అడిగినా ఒక్క మాటా చూపించలేకపోతే వేరే గురువును వెతుక్కోండి.