బాబును ట్రాక్టర్ ఎక్కించొద్దంటే ఇంట్లో గొడవ

ప్రశ్న: మాది పల్నాడు, మిరప సాగు. బాబుకు ఆరేళ్లు, పాపకు మూడేళ్లు. సెలవొస్తే చాలు, మావారు బాబును ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని దుక్కికి వెళ్తారు. వద్దంటే “నేనూ అలాగే పెరిగాను” అంటారు. అత్తయ్యదీ అదే మాట. రోజంతా టెన్షనే. మొన్న కిటికీలో కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన పురుగుమందు పాప తీయబోతే దాన్నీ కొట్టాను. ఏం చేయను?

జవాబు: ట్రాక్టర్ గురించి ఇంత రాశారు, సీసా గురించి ఒక్క వాక్యమే. నేను అక్కడే ఆగిపోయానమ్మా. మూడేళ్ల పిల్లకు కూల్‌డ్రింక్ సీసాలో ఉన్నదల్లా కూల్‌డ్రింకే. పాపను కొట్టి లాభం లేదు. ముందు లేచి ఆ సీసా అక్కణ్నుంచి తీసేయండి. మందు ఎప్పుడూ దాని సొంత డబ్బాలోనే, ఇంటికి దూరంగా, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. పొరపాటున ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ట్రాక్టర్. ఆయన అలాగే పెరిగారు, నిజమే. అప్పుడు వెనక రోటవేటర్, అదే కత్తులతో మట్టిని పొడి చేసే యంత్రం, ఉండేదేమో అడగండి. ట్రాక్టర్ ఇంజిన్ బలంతో దాన్ని తిప్పే ఇరుసు (పీటీఓ షాఫ్ట్) మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. గతుకులో బండి ఎగిరితే మడ్‌గార్డు మీది పిల్లాడు జారేది చక్రం కిందికో, ఆ కత్తుల్లోకో. ఆయన ఎంత బాగా నడిపినా బ్రేకు తొక్కేంత టైము ఉండదు.

అయితే తాళం చేతిలో పట్టుకుని బయల్దేరుతున్నప్పుడు, అందులోనూ అత్తయ్య ఎదుట, ఈ మాట ఎత్తకండి. అది అత్తాకోడళ్ల పంచాయితీ అయిపోతుంది. రాత్రి భోజనాలయ్యాక ఆయన ఒక్కరితోనే మాట్లాడండి. సీసా సంగతి మీరే ముందు చెప్పి, తప్పు ఒప్పుకోండి. వేలెత్తి చూపేవాళ్ల మాట కన్నా తన తప్పు చెప్పుకున్నవాళ్ల మాట ఆయన చెవికెక్కుతుంది.

నాన్న వెంట పొలం వెళ్లాలన్న బాబు సరదాను మాత్రం కోసేయకండి. దుక్కి, మందు కొట్టడం లేని రోజు తీసుకెళ్లమనండి. గట్టు మీద నాలుగు బెండ విత్తులు వాడి చేత పెట్టించి, నీళ్లు పోసే పని వాడికే అప్పజెప్పమనండి. మందు కొట్టిన రోజు ఆయన స్నానం చేసి బట్టలు మార్చాకే పాపను ఎత్తుకోవాలి. పొలంలో పని ఉన్న రోజుల్లో పిల్లలను చూసుకునే పెత్తనం అత్తయ్యకే ఇవ్వండి, ఆవిడకూ గౌరవంగా ఉంటుంది.

మీ పొలంలో ఎండిపోయిన బోరేదైనా మూత లేకుండా ఉందా? ఉంటే దాన్ని మూయించమని అడుగుతూ మాట మొదలుపెట్టండి. దానికి ఏ తండ్రీ కాదనడు.