దమ్ము ట్రాక్టరుకు యానాం బంకు అందదు

ఇంధనంపై పన్నుల గురించి పార్టీలు ఇంతగా వాదులాడుకుంటున్నాయి, పల్లెల్లో వాటి ప్రభావం నిజంగా ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. అయితే బంకు దగ్గర వెతికితే అది సగమే కనిపిస్తుంది.

మాది కోనసీమ. ఆరెకరాలు కౌలుకు చేస్తున్నాను, సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ. నాకు ట్రాక్టరు లేదు. డీజిల్ కొనే పని నాకు పడదు, కానీ దాని ధర కట్టేది నేనే. 2021లో లీటరు వంద దాటినప్పుడు ట్రాక్టరాయన దమ్ము కిరాయి, అంటే నాట్లకు ముందు పొలాన్ని బురదగా దున్నే కిరాయి, పెంచాడు. ఆయనను తప్పుపట్టలేను, మోకాలిలోతు బురదలో తిరిగే బండి రోడ్డు మీద కంటే చాలా ఎక్కువ తాగుతుంది. ఆ నవంబరులో కేంద్రం డీజిల్‌పై ఎక్సైజ్ సుంకం 10 రూపాయలు తగ్గించింది, మరుసటి మే నెలలో ఇంకో 6. మా ఊళ్లో కిరాయి మాత్రం దిగలేదు. కోత యంత్రానిదీ అంతే, ధాన్యం మిల్లుకు తోలే బండిదీ అంతే.

కేంద్రం తగ్గించినప్పుడు రాష్ట్రం తన అమ్మకపు పన్ను వ్యాట్ తగ్గించలేదు. కేంద్రం సుంకంలో ఎక్కువ భాగాన్ని సెస్సుల పేరుతో తీసుకుని, రాష్ట్రాలకు వాటా ఇవ్వడం లేదన్నది రాష్ట్రం వాదన. ఆ మాట నిజమే. కానీ డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు వేసింది రాష్ట్రమే కదా! ఆ శాతం కూడా ఎక్సైజ్ కలిసిన ధర మీదే లెక్కిస్తారు. పన్ను మీద పన్ను.

ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరి కిందిది కాబట్టి డీజిల్ చవక. అటు వెళ్లే లారీలు అక్కడే ట్యాంకు నింపుకుంటాయి. సఖినేటిపల్లి పొలంలో ఉన్న ట్రాక్టరు అంత దూరం వెళ్తే మిగిలేదేముంది? అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు, కోటిపల్లి–నరసాపురం లైను పూర్తి కాలేదు. అంబాజీపేట కొబ్బరి లారీ ఎక్కాల్సిందే. కరెంటు పోతే రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగడానికి జనరేటరే దిక్కు. వేరే దారి లేని చోట పన్ను తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు.

జీఎస్టీలోకి తెస్తే చాలంటారు కొందరు. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం ఆ ఆలోచనను పక్కన పెట్టింది. ఆ ఆదాయం వదులుకోవడం కేంద్రానికీ, రాష్ట్రాలకూ కష్టమే. అందుకే నేను అడిగేది చిన్నది. సముద్రంలో వేటకు వెళ్లే మరపడవలకు లీటరుకు 9 రూపాయల రాయితీ ఉంది, సాగుకూ అలాంటిది ఇవ్వండి. ట్రాక్టరు యజమానికి ఇస్తే అది నా దాకా రాదు. ఎకరాకు ఇంత అని సాగు చేసేవాడి ఖాతాలో పడాలి. దానికి సాగు చేసేది నేనేనని చూపే కౌలు కార్డు ఉండాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. మా ఆసామి నాకు ఆ సంతకం పెట్టడానికి రెండేళ్లు పట్టింది.